తిరుపతిలో ఉంటూ టూ సీటర్ స్పోర్ట్స్ కారు: పాత బీఎండబ్ల్యూ జెడ్4 కొనాలనుకుంటున్నా, నడుపుతున్నవాళ్ళు చెప్పండి

రేణిగుంట రోడ్

అందరికీ నమస్కారం. నాది తిరుపతి, హార్డ్‌వేర్ షాపు నడుపుతున్నా. కాలేజీ రోజుల నుంచి రెండు సీట్ల కారు మీద ఆశ. ఇప్పుడు చేతిలో కొంచెం డబ్బు నిలిచింది. ఇంట్లో ఇన్నోవా ఉంది కాబట్టి పిల్లలకూ పెద్దవాళ్ళకూ ఇబ్బంది లేదు. బెంగళూరులో 2011 మోడల్ జెడ్4 చూశాను, ఎస్‌డ్రైవ్ 35ఐ, తెల్లది, ఒక్క ఓనర్ చేతిలోనే ఉంది. అందులో కూర్చుని వచ్చినప్పటి నుంచి నాకు వేరే ధ్యాస లేదు.

మన ఊరి స్పీడ్ బ్రేకర్లకు అది ఆగుతుందా అనేది ఒక అనుమానం. దానికి ఏదో ఒక దారి దొరుకుతుంది లెండి. అసలు ప్రశ్న వేరే. 306 హార్స్ పవర్ బండిని తిరుపతిలో పెట్టుకుని ఏం చేస్తాం? మా నాన్న అడిగేదీ అదే: "దాన్ని తోలేదానికి దావ యాడుందిరా?" ఈ చుట్టుపక్కల ఇలాంటి కారు నిజంగా నడుపుతున్నవాళ్ళు ఉంటే చెప్పండి. యూట్యూబ్ రివ్యూలు చాలా చూశాను, అవి వద్దు.

పలమనేరు బైపాస్

బ్రదర్, మీ ఆశను తప్పుపట్టను. కానీ నేను వారానికి ఒకసారైనా మొగిలి ఘాట్‌లో రాత్రిపూట వస్తుంటాను. లారీల మధ్య అంత కిందికి కూర్చుని నడపాలంటే నాకు ధైర్యం చాలదు. లారీ డ్రైవర్‌కు ఎడమ పక్క మీరు కనపడనే కనపడరు. ఆ డబ్బుకు మంచి ఎస్‌యూవీ వస్తుంది, రోడ్డంతా కనపడుతుంది. కొనేముందు ఒక్కసారి రాత్రి హైవే మీద నడిపి చూసి నిర్ణయించుకోండి.

కపిలతీర్థం డెంటిస్ట్

మీరు చూసిన కారే నా దగ్గర ఉంది, 2010 మోడల్, ముదురు నీలం. క్లినిక్ తిరుపతిలోనే, ఇల్లూ ఇక్కడే. కాబట్టి నేను చెప్పేదంతా ఈ రోడ్ల మీద తెలిసిందే.

మీ నాన్నగారికి చెప్పండి, దావ ఉంది. మనకున్నంత మంచి దారి చాలా ఊళ్ళకు లేదు. తెల్లవారకముందే బయలుదేరి చంద్రగిరి దాటి, భాకరాపేట ఘాట్ మీదుగా పీలేరు, వాల్మీకిపురం, మదనపల్లె, అక్కడి నుంచి హార్సిలీ హిల్స్. ఏనుగు మల్లమ్మ కొండ అంటారు కదా, అదే. ఎత్తు సుమారు 1,265 మీటర్లు. కార్తీకం, మార్గశిరం రోజుల్లో టాప్ (పై కప్పు) తీసేసి, హీటర్ గాలి కాళ్ళ మీదికి పెట్టుకుని ఆ కొండ ఎక్కాలి. నీలగిరి చెట్ల వాసన నేరుగా ముఖానికి తగులుతుంది. ఒక్కో మలుపుకూ చలి పెరగడం చర్మానికి తెలుస్తుంది. అద్దాలు ఎత్తుకుని ఏసీ వేసుకుని పోయే కారులో ఆ కొండ నాకు ఎప్పుడూ ఇంత దగ్గరగా లేదు.

భాకరాపేట ఘాట్ గురించి ఒక మాట. 2022లో నిశ్చితార్థానికి వస్తున్న బస్సు అక్కడే లోయలో పడింది, ప్రాణాలు పోయాయి. ఆ దారిలో నేను స్పీడు జోలికి పోను, మీరూ పోవద్దు. పోవాల్సిన అవసరమూ లేదు. నేను మీకు చెప్పాలనుకున్న అసలు సంగతి ఇదే: ఈ కారు ఇచ్చే ఆనందానికీ స్పీడుకూ పెద్దగా సంబంధం లేదు.

ఈ కారులో డ్రైవర్ వెనక చక్రాలకు కాస్త ముందే కూర్చుంటారు. ముందు పొడవాటి బానెట్. స్టీరింగ్ తిప్పగానే ముందు ముక్కు తిరుగుతుంది, ఆ తర్వాత మన నడుము తిరుగుతుంది. ఇంజిన్ బలమంతా వెనక చక్రాలకే వెళ్తుంది కాబట్టి టైర్లకు ఎంత పట్టుందో సీటులోంచే తెలుస్తుంది. ఇది తెలియడానికి వంద దాటక్కర్లేదు, నలభైలోనే తెలుస్తుంది. ఇంజిన్ మూడు లీటర్లు, ఆరు సిలిండర్లూ ఒకే వరుసలో ఉంటాయి. ముందు మూడు పిస్టన్లు, వెనక మూడు పిస్టన్లు ఒకదాని ఊపును ఒకటి రద్దు చేసుకునేలా కదులుతాయి. అందుకే వణుకు దాదాపు ఉండదు. ఇంజిన్‌లోకి గాలిని నెట్టే రెండు చిన్న టర్బోలు ఉండడం వల్ల 400 ఎన్‌ఎమ్ టార్క్, అంటే బండిని లాగే బలం, 1,300 ఆర్‌పీఎమ్ నుంచే దొరుకుతుంది. కాబట్టి మన ట్రాఫిక్‌లో, మన ఘాట్లలో కాలు కొంచెం ఆనిస్తే చాలు, గట్టిగా తొక్కే పని ఉండదు. టాప్ తీసి రెండో గేర్‌లో కొండ ఎక్కుతుంటే బండరాళ్ళకు తగిలి తిరిగొచ్చే ఆ శబ్దం కోసమే నేను పొద్దున్నే లేస్తాను.

తిరుమల ఘాట్‌లో స్పోర్ట్స్ కారుకు ఏం పని అని చాలామంది అంటారు. దిగేది 1944 నాటి మొదటి ఘాట్ రోడ్డు, ఎక్కేది 1974లో వచ్చిన రెండోది. దిగేటప్పుడు 40 నిమిషాల కంటే ముందు అలిపిరి చేరితే జరిమానా. అన్ని బస్సులు, జీపులు, మొక్కు తీర్చుకుని నిద్ర లేకుండా దిగే కుటుంబాలు ఉండే దారిలో ఆ నియమం ఉండి తీరాలి. అయినా నాకు అన్ని దారుల్లోకీ ఆ దిగుడే ఎక్కువ ఇష్టం. గేర్‌బాక్స్‌ను మాన్యువల్‌లోకి మార్చి, ఇంజిన్ పట్టుతోనే దిగుతూ, బ్రేకును మలుపుకు ముందే ముగించి, స్టీరింగ్‌ను ఒక్కసారే తిప్పి, మధ్యలో సరిచేయకుండా బయటికి రావాలి. చూడడానికి చిన్న పని, చాలా కష్టం. ఒక మలుపు అలా కుదిరితే క్లినిక్‌లో సాయంత్రం దాకా ఆ సంతోషం ఉంటుంది.

ఈ కారు బయటి రూపాన్ని గీసింది జూలియానె బ్లాజీ, లోపలి డిజైన్ నాదియా అర్నౌట్. ఇద్దరూ ఆడవాళ్ళే. నేను ఈ కారునే వెతికి కొనడానికి అదొక కారణం. పెట్రోల్ బంకులో "సార్‌ది కారా మేడం?" అని అడిగినవాళ్ళకు నాదేనని చెప్పి, ఆ ఇద్దరి గురించి కూడా చెప్తాను. పక్క నుంచి తలుపు మీది గీతలు చూడండి. పార్క్ చేసి లోపలికి వెళ్ళేముందు నేను ఇప్పటికీ ఆగి చూస్తాను.

లోపాలూ ఉన్నాయి. బరువు ఒకటిన్నర టన్ను. స్టీరింగ్ ఎలక్ట్రిక్, రోడ్డు సంగతి చేతులకు అంతగా చెప్పదు. పదును కావాలంటే పోర్షే బాక్స్‌స్టర్ దీనికంటే మేలు. కానీ టాప్ మడతపడే అల్యూమినియం కాబట్టి మూసేస్తే మామూలు కారులా చల్లగా ఉంటుంది, తిరుపతి ఎండకు నాకు అది ముఖ్యం. మార్చి నుంచి జూన్ దాకా పగటిపూట టాప్ తీసే మాటే లేదు. తీస్తే అది డిక్కీలోకే మడతపడుతుంది, అక్కడి చోటు 310 లీటర్ల నుంచి 180కి తగ్గుతుంది, ఇద్దరికీ చెరొక చిన్న బ్యాగు, అంతే.

స్పీడ్ బ్రేకర్ దగ్గర వెనకా ముందూ చూసుకుని కొంచెం ఏటవాలుగా ఎక్కించండి, ఒక చక్రం తర్వాత ఒక చక్రం. కంపెనీ నుంచి వచ్చేవి రన్ ఫ్లాట్ టైర్లు (గాలి పోయినా కొంత దూరం నడిచేవి), పక్క గోడలు గట్టిగా ఉంటాయి, మన గుంతల్లో నడుము పట్టేస్తుంది. నేను మామూలు టైర్లు వేయించి, స్టెప్నీ ఉండదు కాబట్టి పంక్చర్ కిట్, గాలి పంపు పెట్టుకున్నాను. రైడ్ పూర్తిగా మారిపోయింది.

పలమనేరు అన్న చెప్పింది నిజం. లారీ పక్కన ఎప్పుడూ నిలవకూడదు, వెనకైనా ఉండాలి, ముందైనా ఉండాలి. రాత్రి ఘాట్లకు నేను ఈ కారు తీయను.

రేణిగుంట రోడ్

మేడం, చాలా థాంక్స్. మీ పోస్టు మా నాన్నకు చదివి వినిపించాను. హార్సిలీ హిల్స్ దగ్గర తలూపాడు, ఏమీ అనలేదు. ఒక్కటి అడగాలి. ఎప్పుడైనా దాన్ని పూర్తిగా తొక్కి చూడాలనిపిస్తే? అనిపించదని నేను అబద్ధం చెప్పలేను.

కపిలతీర్థం డెంటిస్ట్

అనిపిస్తుంది అన్నా, అనిపించాలి కూడా. దానికి చోటు మనకు పొద్దున వెళ్ళి రాత్రికి వచ్చేంత దూరంలోనే ఉంది. శ్రీపెరంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో మద్రాస్ ఇంటర్నేషనల్ సర్క్యూట్, 3.7 కిలోమీటర్ల ట్రాక్. ట్రాక్ డే పెట్టినప్పుడు సొంత కారుతో వెళ్ళొచ్చు. ఎదురుగా ఎవరూ రారు, ఆవులు ఉండవు, అంబులెన్స్ సిద్ధంగా ఉంటుంది. వెళ్ళేముందు బ్రేక్ ఫ్లూయిడ్ కొత్తది పోయించండి. పాతది తేమ పీల్చుకుని ఉంటుంది, వేడెక్కితే ఆవిరై పెడల్ మెత్తబడుతుంది. హెల్మెట్ సొంతది కొనుక్కోండి. మొదటిసారి ఇన్‌స్ట్రక్టర్‌ను పక్కన కూర్చోబెట్టుకోండి. బ్రేకు ఎక్కడ వేయాలో నాకు అక్కడే తెలిసింది. ఇప్పుడు తిరుమల దిగేటప్పుడు పనికొస్తున్నదీ ఆ పాఠమే.

గ్రీమ్స్‌పేట గ్యారేజ్

నాది చిత్తూరు. బెంగళూరులో చాలాకాలం జర్మన్ కార్ల మీద పనిచేసి వచ్చాను. మేడం చెప్పినదంతా నిజమే, కొనేముందు చూడాల్సింది నేను చెప్తా.

బండి చూడడానికి వెళ్ళే రోజు ఇంజిన్ చల్లగానే ఉంచమని ముందే చెప్పండి. మీరు వెళ్ళేసరికి వేడిగా ఉంటే ఇంకో రోజు వెళ్ళండి. ఈ ఇంజిన్‌ను ఎన్54 అంటారు. చల్లగా ఉన్నప్పుడు సెల్ఫ్ ఎక్కువసేపు కొట్టాకే స్టార్ట్ అవుతోందంటే హై ప్రెషర్ ఫ్యూయల్ పంపు మీద అనుమానం. అది మార్చారా, ఇంజెక్టర్లు మార్చారా, బిల్లులు అడగండి. వాటర్ పంపు బెల్టుతో తిరగదు, ఎలక్ట్రిక్. అది కూడా వయసు అయిపోయేదే. మార్చిన బిల్లు లేకపోతే మీరే మార్పించాల్సి వస్తుందని ధరలో తగ్గించుకోండి. ఆయిల్ ఫిల్టర్ హౌసింగ్ దగ్గర తడి ఉందేమో టార్చ్ వేసి చూడండి. టాప్ ఒక్కసారి కాదు, వరుసగా తెరిచి మూయించండి. 20 సెకన్లలో ఆగకుండా పూర్తి కావాలి. డిక్కీ కార్పెట్ ఎత్తి చెమ్మ ఉందేమో చేత్తో తడిమి చూడండి. పెట్రోల్ పైపులవి 2011 నాటి రబ్బరు కాబట్టి ట్యాంకు నింపి నెలల తరబడి నిలబెట్టొద్దు. ఇథనాల్ కలిసిన పెట్రోల్ తేమను లాగుతుంది. వారానికోసారైనా తీయండి.

కాగితాలు: కేఏ (కర్ణాటక) నంబరు బండి కాబట్టి అక్కడి ఆర్‌టీఓ నుంచి ఫారం 28 మీద ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం) తీసుకోవాలి. లోన్ ఉండి ఉంటే బ్యాంకు క్లియరెన్స్ కూడా. ఇక్కడ లైఫ్ టాక్స్ బండి వయసును బట్టి మళ్ళీ కట్టాలి. అది ముందే లెక్కేసుకుని బేరం ఆడండి, చాలామంది దీన్నే మర్చిపోతారు. అక్కడ కట్టిన టాక్స్‌లో మిగిలిన భాగం వాపసుకు దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఇన్సూరెన్స్ మీ పేరు మీదికి మారకుండా బండిని బెంగళూరు దాటించకండి. స్టార్ట్ చేసేటప్పుడు శబ్దం వీడియో తీసి ఇక్కడ పెట్టండి, విని చెప్తాను.