తాబేళ్ల సంస్థలో చెల్లెలికి ఉద్యోగమా, స్కాలర్‌షిప్పా? తెలిసినవాళ్లు చెప్పండి

మాది నెల్లూరు జిల్లా, మైపాడు పక్కన పల్లె. మా చెల్లెలు ఈ ఏడే బీఎస్సీ జువాలజీ ముగించింది. తీరంలో పనిచేసే ఓ చిన్న పర్యావరణ సంస్థ రెండు దారులు చూపించింది: ఫీల్డ్ అసిస్టెంట్ ఉద్యోగం, లేదా ఎమ్మెస్సీకి స్కాలర్‌షిప్.

ఉద్యోగం కాగితంలో "ప్రాజెక్టు ఉన్నన్నాళ్లు" అని ఉంది. నాకు పట్టుకున్న భయం అదే. ఆలివ్ రిడ్లీ తాబేళ్లు మా ఒడ్డుకొచ్చి గుడ్లు పెట్టేది ఎక్కువగా జనవరి నుంచి మార్చి దాకా. పిల్లలు బయటికి రావడానికి 45 నుంచి 60 రోజులు. అంటే మే దాటితే పనేముంటుంది? మిగతా నెలల్లో జీతం ఇస్తారా, ఇంటికి పంపేస్తారా? ఇలాంటి చోట చేసినవాళ్లు చెప్పాలి. రాత్రిళ్లు ఇసకలో తిరగడం గురించి మా నాయన గొణుగుతున్నాడు గానీ, అది ఆమె చూసుకుంటుంది.

ఇంకోటి. ఈ తాబేళ్లు 1972 వన్యప్రాణి చట్టంలో షెడ్యూలు 1 (అన్నిటికన్నా గట్టి రక్షణ ఉన్న జాబితా) కింద ఉన్నాయి కదా, అటవీ శాఖ అనుమతి లేకుండా గుడ్లు ముట్టుకోకూడదు. ఆ అనుమతి కాగితంలో చెల్లెలి పేరు కూడా ఉండాలా, సంస్థ పేరుంటే చాలా?

స్కాలర్‌షిప్ తీసుకుంటే చదువయ్యాక రెండేళ్లు వాళ్ల దగ్గరే చేయాలట. మధ్యలో సర్కారు కొలువొస్తే డబ్బు వెనక్కి కట్టాలా? సంతకానికి ముందు 12ఏ (ఆదాయపు పన్ను మినహాయింపు కోసం చేసుకునేది), దర్పణ్ (స్వచ్ఛంద సంస్థల కోసం నీతి ఆయోగ్ పోర్టల్) రిజిస్ట్రేషన్ చూస్తే సరిపోతుందా, ఆడిట్ లెక్కలు కూడా అడగొచ్చా?

మా కుర్రోళ్ల సంఘానికి కూడా చిన్న గ్రాంటు ఇస్తామంటున్నారు. విదేశీ నిధులైతే, విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) 2020 సవరణ తర్వాత వేరేవాళ్లకు బదిలీ చేయకూడదని విన్నా. సీఎస్ఆర్ (కంపెనీలు సమాజ సేవకు ఇచ్చే) డబ్బయితే మాలాంటి రిజిస్టరు కాని సంఘం తీసుకోవచ్చా?