రాళ్ల నేలలో ఇంధనం కోసం గడ్డి వేయడం నిజంగా పనికొస్తుందా?

వాలునేల:

అందరికీ నమస్కారం. మా నేలలో ఒక ముక్క ఏం వేసినా సరిగ్గా పండదు. పైభాగం వాలుగా, రాళ్లతో, పైమట్టి జానెడు కూడా లేకుండా ఉంటుంది, కిందభాగంలో వానలు పడితే వారాల తరబడి నీళ్లు నిలుస్తాయి. పైన గింజ పంట వేస్తే విత్తనం ఖర్చు కూడా తిరిగి రావడం లేదు. ఇలాంటి చోట ఇంధనం కోసం స్విచ్‌గ్రాస్, మిస్కాంథస్, ఏనుగు గడ్డి లాంటివి వేయొచ్చని, ఒకసారి నాటితే పదేళ్లకు పైగా మళ్లీ దున్నే పని ఉండదని, నీళ్లూ ఎరువూ పెద్దగా అడగవని చదివాను. అంత సులువైతే బీడు నేలలన్నీ ఈపాటికి గడ్డితో నిండిపోయి ఉండాలి కదా? ఎక్కడ తేడా కొడుతుందో తెలిసినవాళ్లు చెప్పండి.

పచ్చపోచ:

తేడా కొట్టేది ఎక్కువగా మొదటి రెండేళ్లలోనే అండీ. ఈ గడ్డి ముందు కిందికి దిగుతుంది, ఆ తర్వాతే పైకి ఎదుగుతుంది. కుదురుకున్న స్విచ్‌గ్రాస్ వేర్లు 3 మీటర్ల లోతుకు కూడా పోతాయి, వానలు ముఖం చాటేసినా తట్టుకునేది అందుకే. కానీ మొదటి ఏడాది పైన కనిపించేవి సన్నటి పోచలే, వాటిని కలుపు ఇట్టే కమ్మేస్తుంది. విత్తనం మరీ చిన్నది, సెంటీమీటరు కంటే బాగా లోతుకు పోతే మొలక పైకి రాదు, కాబట్టి నేల గుల్లగా ఉండకూడదు, విత్తే ముందు అదిమి గట్టిపరచాలి. పైగా కొత్తగా కోసిన విత్తనం చాలావరకు నిద్రావస్థలోనే ఉంటుంది. మొదటి ఏడాది నత్రజని వేయకండి, అది గడ్డికంటే కలుపుకే ఎక్కువ ఉపయోగపడుతుంది. పూర్తి దిగుబడి మూడో ఏడాదికి గానీ రాదు. అప్పటిదాకా ఆ నేల నుంచి ఆదాయం లేకపోయినా ఫర్వాలేదు అనుకుంటేనే దిగండి.

ఇంధనానికి వేసే పెద్ద మిస్కాంథస్ సంకర రకం, విత్తనం కట్టదు. ఎక్కడపడితే అక్కడ మొలవదు కాబట్టి అది మంచిదే, కానీ దుంప ముక్కలు నాటాలి, హెక్టారుకు 10,000 నుంచి 20,000 దాకా. అంటే 15, 20 ఏళ్ల పంటకు పెట్టుబడి అంతా ముందే పెట్టేయాలి, పైగా రాళ్ల వాలులో అన్ని దుంపలు సరైన లోతులో పడేలా నాటడం చాలా కష్టం. ఏనుగు గడ్డి వెచ్చని చోట్ల విపరీతంగా పెరుగుతుంది, అయితే నీళ్లూ ఎరువూ ఇచ్చినప్పుడే ఆ పెరుగుదల. దాన్ని పచ్చిగా కోసి పట్టుకుపోతుంటే నత్రజని, పొటాష్ దాంతోపాటే పోతుంటాయి. ఎరువు అడగదు అనే మాట దీని విషయంలో అస్సలు నమ్మొద్దు.

బాయిలర్‌పని:

ఏ గడ్డి అనేది తర్వాత, ముందు కొనేది ఎవరో, దాన్ని ఏం చేస్తారో తేల్చుకోండి, ఎందుకంటే కోత ఎప్పుడనేది దాన్నిబట్టే ఉంటుంది. బయోగ్యాస్‌కైతే కాండం ముదరకముందే పచ్చిగా కోయాలి. కాల్చడానికైతే చలికాలం ముగిసేదాకా ఎండనివ్వాలి. మిస్కాంథస్, స్విచ్‌గ్రాస్ ఎండేటప్పుడు పైనున్న నత్రజని, పొటాష్‌లో చాలా భాగాన్ని కిందికి దించుకుని దాచుకుంటాయి. పైన మిగిలిన పొటాష్, క్లోరిన్ కొంత వానకు కడుక్కుపోతాయి. బాయిలర్ నడిపే మాకు అవి పోవడం చాలా అవసరం. పొటాష్ ఎక్కువైతే బూడిద తక్కువ వేడికే కరిగి లోపల రాయిలా గడ్డకడుతుంది, క్లోరిన్ గొట్టాలను తినేస్తుంది. ఆలస్యంగా కోస్తే ఆకు రాలి బరువు తగ్గుతుంది నిజమే, అయినా ఆ రాలిన ఆకు మీ నేలకే పోతుంది.

తేమ 20 శాతం దాటిన గడ్డిని కట్టలు కడితే లోపల వేడెక్కి బూజు పడుతుంది, ఒక్కోసారి నిప్పు కూడా అంటుకుంటుంది. ఇక రవాణా. ఎండు గడ్డి టన్నుకు 17, 18 గిగాజౌళ్ల శక్తి ఉంటుంది, తక్కువేం కాదు, కానీ కట్టలు తేలిక, లారీ బరువుకు ముందే చోటు నిండిపోతుంది. కొనేవాళ్లు దూరంగా ఉంటే లాభమంతా దారిలోనే పోతుంది.

వాలునేల:

చాలా థ్యాంక్స్. ఇంకో రెండు సందేహాలు. ఇలాంటి నేలలో నిజంగా ఎంత వస్తుంది? కిందభాగంలో ఇప్పుడు అడవి గడ్డి, తుంగ దట్టంగా ఉన్నాయి, అది మొత్తం దున్నేసి తడికి తట్టుకునే రకం ఏదైనా వేస్తే బాగుంటుందా?

తూనీగ:

దయచేసి ఆ కిందభాగం ముట్టుకోకండి. ఏళ్లుగా దున్నని గడ్డి నేలలో వేర్ల రూపంలో, మట్టిలో బోలెడంత కార్బన్ పేరుకుని ఉంటుంది, నాగలి పెట్టగానే అది గాల్లోకి పోవడం మొదలవుతుంది, ఆ అప్పు తీర్చడానికి మీ కొత్త గడ్డికి ఏళ్లు పడుతుంది. ఏటా దున్నే నేలను గడ్డికి మార్చినప్పుడే మట్టిలో కార్బన్ పెరిగే అవకాశం బాగా ఉంటుంది. మనకు పంట రానంత మాత్రాన అది పనికిరాని నేల కాదు, నీటిని వడకట్టేదీ, పక్షులకు గూడు ఇచ్చేదీ అదే.

తడికి రీడ్ కానరీ గ్రాస్ వేయమని, లేదా అరుండో డోనాక్స్ అనే పెద్ద రెల్లు జాతి గడ్డి వేయమని ఎవరో ఒకరు చెబుతారు. రెండూ తడిలో బ్రహ్మాండంగా పెరుగుతాయి, అదే భయం. అరుండో ముక్క వరదకు కొట్టుకుపోతే ఆగిన చోటల్లా కొత్త పొద లేస్తుంది, కాలిఫోర్నియా నదుల ఒడ్డున దాన్ని తీసేయడానికి ఎంత కష్టపడుతున్నారో చదవండి.

పచ్చపోచ:

తూనీగ గారు చెప్పింది నిజం, కింద వదిలేయండి.

దిగుబడి సంగతి. అమెరికాలో నెబ్రాస్కా, ఉత్తర డకోటా, దక్షిణ డకోటాల్లో 10 పొలాల్లో, పంటకు అంతగా పనికిరాని నేలల్లో ఐదేళ్లపాటు స్విచ్‌గ్రాస్ పండించి చూశారు, ఫలితాలు 2008లో వచ్చాయి. హెక్టారుకు ఏడాదికి 5.2 నుంచి 11.1 టన్నులు. దాన్నుంచి ఇథనాల్ తీస్తే, పెట్టిన శిలాజ ఇంధన శక్తికంటే 540 శాతం ఎక్కువ శక్తి వస్తుందని లెక్కగట్టారు. ఆశ పెంచే లెక్కే, అయితే 5కీ 11కీ మధ్య ఎంత తేడా ఉందో చూడండి. మీది జానెడు మట్టి కూడా లేని నేల, కాబట్టి కింది అంకెతోనే లెక్క వేసుకోండి.

నేనైతే పైభాగంలో వాలుకు అడ్డంగా ఒక పట్టీ మాత్రమే స్విచ్‌గ్రాస్ వేస్తాను. దానిలో అప్‌లాండ్ (మెట్ట) రకాలు పొడినీ చలినీ ఓర్చుకుంటాయి, లోలాండ్ (పల్లపు) రకాలు దిగుబడి ఎక్కువిస్తాయి కానీ వాటికి తడి కావాలి, చలికి ఆగవు. ఆ పట్టీ మట్టి కొట్టుకుపోకుండా ఆపుతుంది, కొనేవాళ్లు దొరక్కపోయినా ఆ లాభం మీకు మిగిలే ఉంటుంది. రెండో ఏడాది చివర మొక్కలు ఎంత దగ్గరగా నిలిచాయో చూసి, అప్పుడు మిగతా నేల గురించి ఆలోచించండి. విత్తే ముందు ఏడాదే కలుపు పని మొదలుపెట్టండి, విత్తాక అయితే ఆలస్యమైపోతుంది.