ఫ్లైట్‌లో హ్యాండ్‌హెల్డ్ జీపీఎస్ వాడితే తప్పేంటి?

కిటికీ_సీటు: హైదరాబాద్ నుంచి ఢిల్లీ వెళ్తూ గార్మిన్ జీపీఎస్ కిటికీకి ఆనించి, ల్యాప్‌టాప్‌కి కలిపి మ్యాప్ తెరుచుకుని కూర్చున్నా, కింద కనిపించేది గోదావరో ప్రాణహితో చూద్దామని. ఎయిర్‌హోస్టెస్ వచ్చి ఫ్లైట్ మోడ్‌లో పెట్టండి సార్ అంది. దీనికి ఆ మోడే లేదమ్మా, ఇది సిగ్నల్ పంపదు, అందుకుంటుందంతే అన్నా. అయితే ఆఫ్ చెయ్యండి అంది! ఏం రూలండీ ఇది?

వైజాగ్_శీను: అందుకుంటుందంతే అనకండి. ఎఫ్ఎం రేడియో కూడా అందుకునేదే కదా, మరి దాన్నెందుకు వద్దనేవాళ్ళు? దాని లోపల సొంతంగా తరంగాలు పుట్టించే ఆసిలేటర్ ఉంటుంది, అది కాస్త బయటికీ లీకవుతుంది. అది మామూలుగా స్టేషన్ కంటే 10.7 మెగాహెర్ట్జ్ పైన నడుస్తుంది. 100లో పాట పెడితే అది 110.7, అంటే ల్యాండింగ్‌కి రన్‌వే దారి చూపే లోకలైజర్ బ్యాండ్‌లోకి పోయింది.

కిటికీ_సీటు: అది ఎఫ్ఎం సార్. జీపీఎస్ 1575 మెగాహెర్ట్జ్‌లో ఉంటుంది, దీనికీ దానికీ ఏం సంబంధం?

వైజాగ్_శీను: విమానానికీ జీపీఎస్ ఉంటుంది, అదీ 1575లోనే వింటుంది.

బుజ్జి: నాది నడవ సీటు, అసలు సిగ్నలే రాదు 😂

కిటికీ_సీటు: మరి విమానం నిండా జేబుల్లో ఉన్న ఫోన్లలో ఉన్నదేంటి? ఫ్లైట్ మోడ్‌లో వాడుకోమని మన విమానాల నియంత్రణ సంస్థ డీజీసీఏ 2014లోనే చెప్పింది, చాలా ఫోన్లలో ఆ మోడ్‌లో కూడా జీపీఎస్ నడుస్తుంది.

రవి_కేపీహెచ్‌బీ: నా వాచ్‌లో ఎత్తు 6 వేల అడుగులే చూపిస్తోంది, జీపీఎస్‌లో 35 వేలు. ఏది రైటు?

కిటికీ_సీటు: వాచ్ గాలి ఒత్తిడి చూసి చెప్తుంది, క్యాబిన్‌లో ఒత్తిడి పెంచి ఉంచుతారు. టాపిక్‌లోకి రండి బాబూ.

వైజాగ్_శీను: ఏది పంపుతుందో ఏది పంపదో ఆ అమ్మాయికి చూడగానే ఎలా తెలియాలి? ఇన్‌రీచ్ అనే పరికరం కూడా గార్మిన్ కంపెనీదే, కానీ శాటిలైట్‌కి మెసేజ్ పంపుతుంది, పర్మిషన్ లేకుండా మన దేశంలో ఉంచుకోకూడదు. 2024లో గోవా ఎయిర్‌పోర్టులో అది బ్యాగులో ఉందని ఒక విదేశీ ఆవిడని ఆపేశారు.

కిటికీ_సీటు: నన్ను స్మగ్లర్ని చేసేశారుగా. తెలియకపోతే తెలియదనాలి, రూల్ అని దబాయించకూడదు. ఏమీ తెలియనోళ్ళతో ఎంతని వాదిస్తాం?

వైజాగ్_శీను: అదిగో, వచ్చింది అసలు మాట. మా ఆవిడ క్యాబిన్ క్రూ. తాగినోళ్ళకంటే చదువుకున్నోళ్ళతోనే ఎక్కువ తలనొప్పి అంటుంది. ఒకాయన బ్లూటూత్ గురించి అందరి ముందూ క్లాసు పీకి, ఇంగ్లీషు సరిగ్గా మాట్లాడమని కూడా అన్నాడట. మీకు కావాల్సింది గోదావరి కాదు సార్, ఆ అమ్మాయి చేత ఒప్పించుకోవడం.

కిటికీ_సీటు: మీ ఆవిడని నేనేమన్నా అన్నానా? కారణం అడిగితే తిట్టినట్టు తీసుకుంటారేంటి? టికెట్ కొన్నోడు అడగకూడదా?

వైజాగ్_శీను: అడగండి. ఆఫ్ చేసి అడగండి.

లక్ష్మి_డల్లాస్: ఇక్కడ అమెరికాలో కూడా ఏది వాడనివ్వాలో తేల్చేది ఎయిర్‌లైనే. నేనైతే వాళ్ళ వెబ్‌సైట్లో ఏముందో చూసి ప్రింట్ తీసుకెళ్తా.

కిటికీ_సీటు: ప్రింట్ చూపించినా ఆఫ్ చెయ్యమంటే?

వైజాగ్_శీను: ఆఫ్ చెయ్యాలి.

కిటికీ_సీటు: మరింక ప్రింట్ దేనికండీ!