ప్రెస్క్ ఐల్‌లో వార్బ్లర్లు: మేలో ఎప్పుడు వెళ్తే దొరుకుతాయి?

పావురాయి: మేం పిట్స్‌బర్గ్‌లో ఉంటాం. మే మధ్యలో ఈరీ సరస్సు మీదున్న ప్రెస్క్ ఐల్ స్టేట్ పార్కుకి వార్బ్లర్ల కోసం, అదే, వలసపోయే ఆ చిన్న రంగురంగుల పిట్టల కోసం వెళ్దామని. అమ్మానాన్నలు ఇండియా నుంచి వచ్చున్నారు, అమ్మకి మోకాళ్లు నొప్పులు. వెళ్లినవాళ్లు కాస్త చెప్పండి.

కొల్లేటికొంగ: ప్రవేశానికి డబ్బులేం లేవు. ఐ-79 హైవే పట్టుకుని వచ్చెయ్యడమే. తేదీ కంటే ముందు గాలి చూస్కోండి. రాత్రంతా దక్షిణం గాలి వీచి తెల్లారుజామున వాన పట్టుకుందా, ఇక పండగే. ఉత్తరానికి పోయే పిట్టలు సరస్సు దాటబోయే ముందు ఇక్కడ దిగి కడుపు నింపుకుంటాయి. అలాంటి ఒక పొద్దున బ్లాక్‌బర్నియన్ వార్బ్లర్ ఒకటి నా మొహం ఎత్తులో కొమ్మ మీద వాలి, పచ్చ గొంగళిపురుగుని కొమ్మకేసి బాదుతోంది. గొంతు నిప్పుకణికే! బైనాక్యులర్స్ ఎత్తాలని కూడా తోచలేదు. మర్నాడు ఎండ. అదే చెట్టు, ఆకులు తప్ప ఏం లేవు.

గుడ్లగూబ: గల్ పాయింట్ సంగతి ముందే తెలుసుకోండి. పార్కుకి తూర్పు కొసన ఉంటుంది. ఏప్రిల్ 1 నుంచి నవంబర్ 30 దాకా ఆ కొస ఇసుకలోకి అడుగు పెట్టనివ్వరు, పిట్టల్ని చూసే మంచె దాకా మాత్రం నడవొచ్చు. తాడు కట్టారేంటని విసుక్కోకండి. 60 ఏళ్లకి పైగా కనబడని పైపింగ్ ప్లోవర్ (ఇసుకలో గూడు పెట్టే చిన్న పిట్ట) గూళ్లు 2017లో అక్కడే మళ్లీ కనిపించాయి. అమ్మగారికి ఆ నడక వద్దులెండి. లైట్‌హౌస్ దగ్గర మొదలయ్యే సైడ్‌వాక్ ట్రెయిల్ చదును, కాలికింద గట్టిగా ఉంటుంది. ఒకప్పుడు లైట్‌హౌస్ కాపలాదారు పడవ దగ్గరికి వెళ్లిన దారి అది.

పిచ్చుకమ్మ: పిడుదులు! పిట్ట కూత విని దారి వదిలి పొదల్లో దూరాం. ఇంటికొచ్చాక మావారి సాక్సులో రెండు. వారం రోజులు మాకు ప్రతి పుట్టుమచ్చా పిడుదులాగే కనబడింది. ప్యాంటు సాక్సుల్లోకి దోపుకోండి, ఫొటోలో ఎలా ఉన్నా సరే.

పావురాయి: థాంక్సండీ. మరి అమ్మ కారులోంచి చూడ్డానికేమైనా ఉంటుందా?

కొల్లేటికొంగ: ఎందుకుండదు! లగూన్ల (పార్కు లోపలి మడుగుల) వైపు ఎక్కడైనా పార్కింగ్‌లో ఇంజన్ కట్టేసి, అద్దాలు దించి కూర్చోండి. ఏడింటిలోపు చేరుకోండి, ఆ తర్వాత సైకిళ్లు, కుక్కలూ వచ్చేస్తాయి. కారుని పిట్టలు పట్టించుకోవు. డోరు చప్పుడు చేస్తేనే లేచిపోతాయి.