అనువాద గ్రంథం కాపీరైట్ ఎవరి పేరు మీద రిజిస్టర్ కావాలి?

అనువాదకురాలు, నల్లకుంట:
ఒక ఆర్థికశాస్త్ర గ్రంథాన్ని ఇంగ్లీషు నుంచి తెలుగు చేశాను. ప్రచురణకర్త మొత్తం డబ్బు ఒకేసారి ఇచ్చేశారు, కాగితం మాత్రం ఏమీ రాసుకోలేదు. రెండో ముద్రణలో నా పేరే తీసేశారు. అడిగితే "డబ్బిచ్చాం, హక్కులు మావే" అంటున్నారు. నా పేరు మీద రిజిస్టర్ చేయించుకోవచ్చా?

ప్రచురణకర్త, కోఠి:
పేరు తీసేయడం తప్పే. కానీ మూల గ్రంథం వాళ్లకు తెలుగు హక్కుల సొమ్ము కట్టేది మేము, పుస్తకాలు గోడౌన్‌లో పడి ఉంటే మునిగేదీ మేమే. శాస్త్ర గ్రంథాలు నవలల్లా అమ్ముడుపోవు. హక్కు మా పేరు మీద ఉంటేనే ఇంకో పుస్తకం వేసే ధైర్యం వస్తుంది.

లాయర్, విద్యానగర్:
సార్, మీ కష్టం నిజమే. అయినా డబ్బివ్వడం వేరు, హక్కు రాయించుకోవడం వేరు. 1957 కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం రాసినవారే తొలి హక్కుదారు. జీతం మీద పనిచేసే ఉద్యోగి అయితే సంగతి వేరు, ఈ మేడమ్ ఉద్యోగి కాదు. హక్కు బదిలీ కావాలంటే 19వ సెక్షన్ ప్రకారం సంతకంతో రాతపూర్వకంగా ఉండాలి. బదిలీ చేసినా సరే, కర్తగా పేరు అడిగే హక్కు 57వ సెక్షన్ కింద మిగిలే ఉంటుంది. నా దృష్టిలో మేడమ్‌కు అసలు బలం ఇదే.

మేడమ్, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, దానివల్ల కొత్తగా హక్కు పుట్టదు. కోర్టులో ప్రాథమిక సాక్ష్యంగా పనికొస్తుంది, అంతే. రిజిస్ట్రేషన్ దరఖాస్తు అయిన ఫారం 14లో ఇది స్వంత రచనా, అనువాదమా, మూలానికి కాపీరైట్ ఇంకా ఉందా అని అడుగుతారు. ఉంటే మూల రచయిత పేరు, అనుమతి వివరాలు రాయాలి. ఆ అనుమతి పత్రం మీ ప్రచురణకర్త దగ్గరే ఉండి ఉంటుంది. పుస్తకం అచ్చయింది కాబట్టి ఆయన నిరభ్యంతర పత్రం కూడా కావాలి. ఫీజు 500 రూపాయలే, అభ్యంతరాల కోసం 30 రోజులు ఆగుతారు. గొడవలో ఉన్నాయన అభ్యంతరం పెడితే ఫైలు అక్కడే నిలిచిపోవచ్చు. అందుకే ముందు పేరు గురించి నోటీసు పంపండి. డబ్బు పడిన బ్యాంకు వివరాలు, అనువాదం డ్రాఫ్టులు పంపిన మెయిళ్లు జాగ్రత్తగా దాచుకోండి.

ప్రచురణకర్త, కోఠి:
మరి నాలాంటివాళ్లం ఏం చేయాలి?

లాయర్, విద్యానగర్:
పని మొదలుకాకముందే ఒప్పందం రాసుకోండి. ఎన్నేళ్లకో అందులో స్పష్టంగా పెట్టండి. కాలం రాయకపోతే చట్టం దాన్ని 5 ఏళ్లుగానే లెక్కేస్తుంది.