4బీబీ, 3బీసీ... ఈ గ్రేడ్లను ఎంతవరకు నమ్మాలి?

ఎదురుచూపు:

అందరికీ నమస్తే. ఇన్నాళ్లూ చదివి వెళ్లిపోవడమే, రాయడం ఇదే మొదలు. మాకు ఇక్సీ పద్ధతిలో (ఒక్కో అండంలోకి ఒక్కో వీర్యకణాన్ని సూదితో ఎక్కించడం) ఐవీఎఫ్ జరుగుతోంది. 14 అండాలు వచ్చాయి, వాటిలో 11 పరిపక్వమైనవి, 8 ఫలదీకరణ చెందాయి అని మర్నాడు చెప్తే ఇంట్లో అందరికీ ప్రాణం లేచొచ్చింది. మూడో రోజు ఫోన్ చేసినప్పుడు కూడా అన్నీ పెరుగుతూనే ఉన్నాయన్నారు, అందులో ఒకటి 8 కణాలతో ఫస్ట్ క్లాస్‌గా ఉందని ల్యాబ్ ఆవిడే అన్నారు. నిన్న ఐదో రోజు ఫోన్ వచ్చింది. రెండే బ్లాస్టోసిస్టులు (అంటే ఐదారు రోజులకి లోపల నీరు చేరిన పిండాలు), ఒకటి 4బీబీ, ఇంకోటి 3బీసీ, రెండూ ఫ్రీజ్ చేశాం, మరొకటి నెమ్మదిగా ఉంది కాబట్టి రేపటిదాకా చూస్తాం అని చెప్పి పెట్టేశారు. ఆ ఫస్ట్ క్లాస్‌ది ఏమైందని అడిగితే ఆగిపోయిందట. 4బీబీ అయినదేమో మూడో రోజు 6 కణాలే ఉన్నదట!

8లో 2 మిగిలాయంటే ల్యాబ్‌లో ఏదైనా తేడా జరిగిందా? బీసీ అంటే పాస్ మార్కులు కూడా రానట్టేనా? బాగున్నది ఆగిపోయి వెనకబడ్డది ముందుకెళ్లడం ఏంటి అసలు? దీనికి తోడు వచ్చేసారి టైమ్‌ల్యాప్స్ పెట్టించుకోండి, ఏఐ స్కోర్ తీసుకోండి, ఇప్పుడున్నవాటికి పీజీటీ-ఏ అనే క్రోమోజోముల టెస్ట్ చేయించండి అని ఒక కాగితం చేతిలో పెట్టారు. గూగుల్ చేసేకొద్దీ టెన్షన్ పెరుగుతోంది తప్ప తరగట్లేదు. తెలిసినవాళ్లు చెప్పండి ప్లీజ్.

మైక్రోస్కోప్ వెనక:

నేను ఎంబ్రియాలజిస్ట్‌ని, అంటే ల్యాబ్‌లో ఎంబ్రియోలను (పిండాలను) పెంచి చూసే పని. మీ ఎంబ్రియోలను నేను చూడలేదు కాబట్టి మీ విషయంలో మీ డాక్టర్, మీ ల్యాబ్ చెప్పిందే లెక్క. గ్రేడ్ ఎలా పెడతామో మాత్రం చెప్తాను.

ఆ అంకె, రెండు అక్షరాలు గార్డ్‌నర్ పద్ధతివి, 1999 నుంచి వాడుకలో ఉన్నాయి. అంకె 1 నుంచి 6 దాకా ఉంటుంది, ఎంబ్రియో లోపల నీరు చేరి ఎంత ఉబ్బిందో చెప్తుంది. 3 అంటే లోపలంతా నిండింది, 4 అంటే ఇంకా ఉబ్బి పైనున్న పెంకులాంటి పొర పలచబడింది, 5 అంటే ఆ పొర చీల్చుకుని బయటికొస్తోంది, 6 అంటే పూర్తిగా వచ్చేసింది. కాబట్టి అంకెను మార్కుల్లా చూడకండి, ఎంత దూరం వచ్చిందో చెప్పడానికే అది. పొద్దున 3గా ఉన్నది సాయంత్రానికి 4 అయిపోవచ్చు. అక్షరాలు ఏ నుంచి సీ దాకా, ఏ అంటే మెరుగైనది. మొదటి అక్షరం లోపలి కణాల గుంపుకి, బిడ్డగా ఎదిగేది అదే. రెండో అక్షరం చుట్టూ ఉండే కణాల వరసకి, మాయ దాన్నుంచే వస్తుంది. మీ 3బీసీలో లోపలి గుంపు ఫర్వాలేదు, చుట్టూ ఉన్న వరసలో కణాలు తక్కువగా ఉండి ఉంటాయి, అందుకే సీ.

చూడటం కూడా అంత తేలికేం కాదు. ఒక్కోసారి లోపలి గుంపు సరిగ్గా అడుగున పడి ఉంటుంది, ఫోకస్ ఎంత తిప్పినా మసక మచ్చలా తప్ప కనబడదు, అప్పుడు సన్నటి పిపెట్‌తో మెల్లగా దొర్లించి పక్కకి వచ్చేలా చేసి, కణాలు దగ్గరగా అతుక్కుని ఉన్నాయా విడివిడిగా ఉన్నాయా అని చూస్తాం, అదీ గబగబా, ఎందుకంటే ఇంక్యుబేటర్ బయట ఎక్కువసేపు ఉంచకూడదు. బీకి సీకి మధ్యన ఉన్నదానికి నేనొక అక్షరం ఇస్తే నా పక్కన కూర్చున్నవాళ్లు ఇంకోటి ఇస్తారు. ఏకి సీకి అయితే సాధారణంగా వాదన రాదు.

ఇక 8లో 2 సంగతి. అండాలు తీసిన రోజు మాకు సున్నా రోజు. మర్నాడు, అంటే వీర్యకణం ఎక్కించాక 16 నుంచి 18 గంటల మధ్య, రెండు కేంద్రకాలు కనిపిస్తున్నాయా అని చూస్తాం, ఒకటి అమ్మది ఒకటి నాన్నది. మూడు కనిపిస్తే పక్కన పెట్టేస్తాం. ఆలస్యంగా చూస్తే అవి కలిసిపోయి ఏమీ కనబడదు, అందుకే ఆ టైమ్ మీద అంత పట్టింపు. అక్కణ్నుంచి మొదటి రెండు మూడు రోజులు ఎంబ్రియో నడిచేది దాదాపుగా అండంలో ముందే దాచి ఉన్న సరుకుతోనే. 4 నుంచి 8 కణాల మధ్యలో దాని సొంత జన్యువులు గట్టిగా పని మొదలుపెడతాయి. ఆ మలుపులో చాలా ఆగిపోతాయి, క్రోమోజోముల్లో తేడా ఉన్నవి ఎక్కువగా, పైకి ఎంత చక్కగా కనబడినా సరే. అందుకే మూడో రోజు ఫస్ట్ క్లాస్ అన్న మాట ఐదో రోజుకి పనికిరాకపోవచ్చు. ఫలదీకరణ చెందినవాటిలో సుమారు సగం బ్లాస్టోసిస్ట్ అయితే ల్యాబ్ బాగానే నడుస్తున్నట్టు, అందులోనూ ఫ్రీజ్ చేయదగ్గవి ఇంకా తక్కువే. మీది సగటు కంటే కొంచెం తక్కువ, అంతే. ఈ ఒక్క లెక్క చూసి ల్యాబ్‌ని అనుమానించక్కర్లేదు. అనుమానం తీరకపోతే, మీ వయసువాళ్లకి అక్కడ మామూలుగా ఎంత శాతం బ్లాస్టోసిస్ట్ దాకా వస్తాయో అడగండి, చెప్పాలి వాళ్లు.

ఎదురుచూపు:

చాలా థాంక్స్ అండీ, ఫోన్‌లో ఇందులో పావు వంతు చెప్పినా రాత్రి నిద్ర పట్టేది. మరి 6 కణాలది 4బీబీ ఎలా అయింది? 8 ఉండాలంటారు కదా?

మైక్రోస్కోప్ వెనక:

2011లో ఇస్తాంబుల్ ఒప్పందం అని అంతర్జాతీయంగా ఒక పద్ధతి రాసుకున్నారు, అందులో 68 గంటలకి 8 కణాలు, 116 గంటలకి బ్లాస్టోసిస్ట్ ఉండాలని ఆశించారు. అది ఎక్కువ అవకాశం ఉన్న దారి మాత్రమే. మీదాన్ని చూసిన నిమిషంలో రెండు కణాలు విడిపోబోతూ ఉండి ఉండొచ్చు, గంట తర్వాత చూస్తే 8 ఉండేవేమో. అంకె ఒక్కటే చూడం, కణాలు సమానంగా ఉన్నాయా, ముక్కలు ఎంత రాలాయి, ఒకే కణంలో రెండు కేంద్రకాలు ఉన్నాయా, ఇవన్నీ చూస్తాం. ముక్కలు 10 శాతం లోపు ఉంటే పట్టించుకోం, 25 దాటితేనే కంగారు. అన్నట్టు, 1978లో పుట్టిన లూయిస్ బ్రౌన్‌ని 8 కణాల దశలోనే లోపల పెట్టారు, అప్పటికి ఐదో రోజు దాకా పెంచడం, ఈ అక్షరాలు ఏవీ లేవు.

రెండేళ్ల బుజ్జిది:

చెల్లీ, నాకు మొదట పెట్టినది 5ఏఏ. ల్యాబ్ వాళ్లు ఫోటో ప్రింట్ తీసి ఇచ్చారు, ఎంత ముద్దుగా ఉందో అని అందరం మురిసిపోయాం. నిలవలేదు. తర్వాత మిగిలిన 4బీసీ పెట్టారు, డాక్టర్‌గారే అంత నమ్మకంగా చెప్పలేదు, అదే ఇప్పుడు నా ల్యాప్‌టాప్ మీద కూర్చుని కీలు పీకుతోంది. నా ఒక్కదాని కథతో ఏదీ రుజువు కాదు, ఏఏకి అవకాశం ఎక్కువే, అది అబద్ధం కాదు. కానీ సీ అన్నారని పారేసుకోకు. మా దగ్గర ఆ అక్షరం చూసి ఫ్రీజ్ చేయాలా వద్దా అని ముందు నసిగారు, మా ఆయన గట్టిగా అడిగితే గానీ ఉంచలేదు.

కాగితం చదివేవాడు:

ఆ కాగితం మీద ఉన్నవాటి గురించి నేను చెప్తాను, ఇవి మా ఆవిడ ట్రీట్‌మెంట్‌లో మాకూ ఎదురయ్యాయి, అప్పుడు కూర్చుని చదివాను.

టైమ్‌ల్యాప్స్: ఇంక్యుబేటర్‌లోనే కెమెరా ఉంటుంది, కొన్ని నిమిషాలకోసారి ఫోటో తీస్తుంది. వినడానికి బ్రహ్మాండం. బ్రిటన్, హాంకాంగ్ కేంద్రాల్లో 1575 మందితో చేసిన పెద్ద ట్రయల్ 2024లో లాన్సెట్‌లో వచ్చింది, మామూలు పద్ధతితో పోలిస్తే బిడ్డ పుట్టే అవకాశం పెరిగిందని తేలలేదు. ఏఐ, అంటే ఏ ఎంబ్రియో పెట్టాలో మెషిన్ ఎంచుకోవడం: అదే ఏడాది నేచర్ మెడిసిన్‌లో 1066 మంది ట్రయల్, మనిషి ఎంచుకున్నవైపు గర్భం నిలిచింది 48.2 శాతం, మెషిన్ ఎంచుకున్నవైపు 46.5. మనిషి కంటే మెషిన్ వెనకబడదు అని చూపించడానికి చేశారు, అది కూడా చూపించలేకపోయారు. మెషిన్ చాలా వేగంగా ఎంచుకుంది, నిజమే, కానీ ఆ టైమ్ కలిసొచ్చేది ల్యాబ్‌కి. దానికి డబ్బు నేనెందుకు కట్టాలి?

పీజీటీ-ఏ: చుట్టూ ఉండే వరసలోంచి ఓ 5 నుంచి 10 కణాలు తీసి క్రోమోజోములు లెక్కపెడతారు. 2021లో న్యూ ఇంగ్లండ్ జర్నల్‌లో 1212 మంది, 20 నుంచి 37 ఏళ్లవాళ్లు, అందరికీ కనీసం మూడు మంచి బ్లాస్టోసిస్టులు ఉన్నాయి. ఏడాదిలోపు మూడు ట్రాన్స్‌ఫర్ల (ఎంబ్రియోని లోపల పెట్టడం) దాకా లెక్కేస్తే టెస్ట్ చేయించినవాళ్లలో 77.2 శాతం మందికి బిడ్డ పుట్టింది, చేయించనివాళ్లలో 81.8. టెస్ట్ ఎంబ్రియోని బాగుచేయదు కదా, ఉన్నవాటిలో ఏరుతుంది, అంతే. మీకున్నవే రెండు, ఇందులో ఏరేదేముంది?

రాత్రి డ్యూటీ:

అంత కొట్టిపారేయకండి. టైమ్‌ల్యాప్స్‌లో ఒక కణం రెండు కాకుండా నేరుగా మూడుగా చీలితే తెలిసిపోతుంది, రోజుకోసారి తీసి చూసేవాళ్లకి అది ఎప్పటికీ తెలియదు. పైగా ఎంబ్రియోని బయటికి తీయనక్కర్లేదు. ల్యాబ్‌లో ఉన్నందుకు అదనంగా తీసుకోకపోతే హాయిగా పెట్టించుకోవచ్చు.

మైక్రోస్కోప్ వెనక:

ఇద్దరి మాటా నిజమే. నాకు టైమ్‌ల్యాప్స్ అంటే ఇష్టం, పని సులువు, పొద్దున్నే పరుగెత్తక్కర్లేదు. అది నా సౌకర్యం, పేషెంట్‌కి దాంతో బిడ్డ వస్తుందని చెప్పను.

పీజీటీ-ఏ గురించి మాత్రం ఒకటి కలపాలి. వయసు 38 దాటినా, గర్భస్రావాలు మళ్లీ మళ్లీ అవుతున్నా మాట్లాడుకోవాల్సిన విషయమే, భార్యాభర్తల్లో ఒకరికి క్రోమోజోముల అమరికలో తేడా ఉంటే అసలు చేసే టెస్టే వేరు. ఆ ట్రయల్ ఇలాంటివాళ్ల మీద చేసింది కాదు. ఈవిడ విషయంలో ఇంకో చిక్కు ఉంది, రెండూ ఇప్పటికే ఫ్రీజ్ అయిపోయాయి, ఇప్పుడు టెస్ట్ అంటే కరిగించి, కణాలు తీసి, మళ్లీ ఫ్రీజ్ చేయాలి, ఆ సీ గ్రేడ్‌దానికి చుట్టూ ఉన్న కణాలే తక్కువ, అందులోంచే మళ్లీ తీయాలి. పైగా రిపోర్ట్‌లో కొన్నిసార్లు మొజాయిక్ అని వస్తుంది, కొన్ని కణాలు మామూలు, కొన్ని కాదు అని. అలాంటివాటి నుంచి ఆరోగ్యంగా పిల్లలు పుట్టారని 2015లోనే రాశారు, అయినా చేతిలో ఆ రిపోర్ట్ పట్టుకున్నవాళ్లు నిద్రపోరు.

ఎదురుచూపు:

ఇప్పుడే ఫోన్ వచ్చింది, ఆ నెమ్మదిగా ఉన్నది ఆరో రోజుకి 4బీబీ అయింది, అదీ ఫ్రీజ్ చేశారట!! నా వయసు 33, గర్భస్రావాలేం లేవు, కాబట్టి టెస్ట్ వద్దని చెప్పేశాం. అత్తయ్య మాత్రం రెండు ఒకేసారి పెట్టించుకో, ఒకటి కాకపోతే ఒకటి నిలుస్తుంది అంటున్నారు.

మైక్రోస్కోప్ వెనక:

శుభం. ఐదో రోజుది ముందు పెట్టమంటారు చాలామంది, ఒకే గ్రేడ్ అయినా ఆరో రోజువి కాస్త వెనకే ఉంటాయి కాబట్టి. రెండు కలిపి పెడితే కవలలు వచ్చే అవకాశం పెరుగుతుంది, కవలలంటే నెలలు నిండకుండా కాన్పు, తల్లికి బీపీ, ఇవన్నీ వెంట వస్తాయి. మూడు చేతిలో ఉన్నప్పుడు ఒక్కొక్కటిగా పెట్టుకోవచ్చు, అత్తయ్యగారికి ఆ మాట డాక్టర్‌తోనే చెప్పించండి. కరిగించిన రోజు గ్రేడ్ అడగొద్దు, ముడుచుకుపోయి ఉంటుంది, అందులో చూడటానికేం ఉండదు. రెండు మూడు గంటలయ్యాక ఫోన్ చేసి, మళ్లీ ఉబ్బడం మొదలైందా అని అడగండి.