పర్లాకిమిడి వైపు ఇంట్లో మంచం పట్టిన రోగులు: రెండు చోట్ల మందులు రాస్తే మీరెలా సరిచూస్తున్నారు?

నమస్కారమండీ. ఆంధ్రా సరిహద్దులోని ఒడిశా గజపతి జిల్లాలో పక్షవాతంతో మంచం పట్టినవాళ్లను ఇళ్లకు వెళ్లి చూసే నర్సులం. కొందరికి బరంపురంలో వైద్యం, కొందరికి శ్రీకాకుళంలో, కొందరికి రెండు చోట్లా. డిశ్చార్జి కాగితం ఇంగ్లీషులో ఉంటుంది, రోజూ చూసుకునే కోడలికి తెలుగే వచ్చు. అందుకే ఒక్కో రోగికి ఒకే నర్సు బాధ్యత, తెలుగులో ఒకే షీటు పెట్టాం.

యూరిన్ గొట్టం వేసిన తేదీ, రకం రాస్తాం: లేటెక్స్ అయితే దాదాపు 4 వారాలు, సిలికాన్ అయితే 12 వారాల లోపు మార్చాలి. ముక్కు గొట్టంలో ఆహారానికి ముందూ తర్వాతా 30 మి.లీ. నీళ్లు. తల వైపు 30–45 డిగ్రీల ఎత్తు (ఒక్క దిండు చాలదు, మెడ వంగుతుంది, వీపంతా లేవాలి). 2 గంటలకోసారి పక్క మార్చాలి. నడుము కింద ఎర్రబడిన చోట వేలితో నొక్కినా తెల్లబడకపోతే పుండు మొదలైనట్టే, వెంటనే ఫోన్ చేయమంటాం. యూరిన్ సంచీని చాలామంది మంచం మీదే పెట్టేస్తారు. అలా చేస్తే యూరిన్ వెనక్కి మళ్లి ఇన్ఫెక్షన్ వస్తుంది. పొత్తికడుపు కంటే కిందే, నేలకు తగలకుండా వేలాడాలి.

ఇవన్నీ నేర్పితే వస్తున్నాయి. మందులే భయం. ఒకే బీపీ మాత్ర రెండు కంపెనీల పేర్లతో వస్తే ఇంట్లోవాళ్లు రెండూ వేసేస్తారు. అసలు మందు పేరుతో సరిచూసి, రెండోది పక్కన పెట్టించి డాక్టరుకు ఫోన్ చేస్తున్నాం. కానీ ఇద్దరు డాక్టర్లు రెండు డోసులు చెబితే?

సరిహద్దు ఊళ్లలో పనిచేసేవాళ్లు చెప్పండి: చివరి మాట ఎవరిదని ముందే రాయించుకుంటున్నారా? రాత్రి గొట్టం మూసుకుపోతే ఎవరు వెళ్తున్నారు? ఒక నర్సుకు ఇలాంటి కేసులు ఎన్ని దాటితే చూపు తప్పుతోంది?